ముందు కాల్చిందెవరు?

మన పార్టీల్లో ఎప్పుడూ రెండు చర్చలు నడుస్తుంటాయి. పైన లివింగ్‌రూములో పెద్దవాళ్ళు ఇళ్ళ ధరలు, గ్రీన్‌కార్డులు, అక్కడి రాజకీయాలు మాట్లాడుకుంటుంటారు. కింద బేస్‌మెంట్లో పిల్లలు అంతకంటే ముఖ్యమైన సంగతులు తేలుస్తుంటారు. వారం రోజులు ముందుగా కబురందితే బ్యాట్‌మాన్ సూపర్‌మాన్‌ని ఓడించగలడా? హాగ్వార్ట్స్ బడిలో చేరితే మనల్ని ఏ జట్టులో వేస్తారు? మైన్‌క్రాఫ్ట్‌లో కోట కట్టడం గొప్పా, భూతాల్ని చంపటం గొప్పా? పులిహోర ప్లేటు పట్టుకుని అప్పుడప్పుడూ ఆ మెట్లు దిగటం నాకలవాటు. నిజం చెప్పాలంటే కింది చర్చే బాగుంటుంది. పైవాళ్ళు తమ వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తుంటారే తప్ప ఎదుటివాళ్ళ మాట వినరు. కిందవాళ్ళు చెవులు రిక్కించి వింటారు. వినకపోతే తప్పెలా పట్టుకుంటారు మరి?

ఇంతలో పైనుంచి ఒక కేక వినపడుతుంది, "ఆ పనికిమాలిన వాదనలు చాలించి భోజనాలకి రండర్రా" అని. ఈ సంచికలో నేను రాయబోయేది ఆ పనికిమాలిన వాదనల గురించే.

మచ్చుకి ఒకటి చెప్తాను. 1977లో వచ్చిన మొదటి స్టార్ వార్స్ సినిమాలో హాన్ సోలో అని ఒక స్మగ్లర్ ఉంటాడు. నెత్తి మీద అప్పు, వెనకాల ఆ అప్పు వసూలుకి తిరిగేవాళ్ళు. ఒక సారాకొట్టులో గ్రీడో అనే ఆకుపచ్చ మొహం వాడు ఎదురుగా కూర్చుని తుపాకీ గురిపెడతాడు. హాన్ సోలో తాపీగా మాటల్లో పెట్టి, బల్ల కింద నుంచి తన తుపాకీ తీసి కాల్చేస్తాడు. కొట్టువాడికి శుభ్రం చేసుకునే ఖర్చు కింద ఒక నాణెం విసిరేసి వెళ్ళిపోతాడు. అంతే, ఒక్క నిమిషం సీను.

ఇరవై ఏళ్ళ తరువాత, 1997లో, దర్శకుడు జార్జ్ లూకాస్ సినిమాకి మెరుగులు దిద్ది మళ్ళీ విడుదల చేశాడు. అందులో గ్రీడోయే ముందు కాలుస్తాడు. అదీ గురి తప్పుతుంది! మూడడుగుల బల్లకి అటొకడు ఇటొకడు కూర్చుంటే గురి తప్పటం ఏమిటండీ? అభిమానులు భగ్గుమన్నారు. 2004లో డీవీడీ వచ్చేసరికి ఇద్దరూ ఇంచుమించు ఒకేసారి కాలుస్తారు. 2019లో డిస్నీ ప్లస్‌లో పెట్టినప్పుడు చూస్తే గ్రీడో కాల్చబోయే ముందు "మక్లంకీ" అని ఒక మాట కూడా అంటాడు. అదొక కొత్త గొడవ. "హాన్ ముందు కాల్చాడు" అన్న మాటలు చొక్కాల మీద అచ్చువేసుకుని తిరిగారు జనం. ఆ చొక్కా వేసుకుని లూకాస్ గారే ఒక ఫొటో దిగారు. అదీ తమాషా.

పైకి చూస్తే ఇంతకంటే పనికిమాలిన తగవు లేదనిపిస్తుంది. కానీ కాస్త నిలబడి వినండి. హాన్ ముందు కాలిస్తే వాడు తన ప్రాణం, తన డబ్బు తప్ప ఇంకేదీ పట్టనివాడు. అలాంటివాడు సినిమా చివర, డబ్బు చేతికందాక కూడా, స్నేహితుడి కోసం చావుకి ఎదురు వెనక్కి వస్తాడు. ఆ రాకకి విలువుంది. గ్రీడో ముందు కాలిస్తే హాన్ ఆత్మరక్షణ చేసుకున్న మంచివాడు. మొదటినుంచీ మంచివాడే అయితే తిరిగి రావటంలో విశేషమేముంది? మన గిరీశం మొదటి అంకంలోనే బుద్ధిమంతుడైపోతే కన్యాశుల్కం ఎవరు చదువుతారు? ఏడో తరగతి పిల్లలు పిజ్జా ముక్క చేతిలో పెట్టుకుని చేస్తున్న ఈ పనినే కాలేజీలో సాహిత్య విమర్శ అంటారు. అక్కడైతే ఫీజు కట్టాలి.

ఇదేదో అమెరికా వాళ్ళ పిచ్చి అనుకునేవాళ్ళు అదే 1977 సంక్రాంతిని ఒక్కసారి గుర్తుచేసుకోవాలి. ఆ జనవరి 14న దానవీరశూరకర్ణ, కురుక్షేత్రం రెండూ ఒకేరోజు విడుదలయ్యాయి. ఒకవైపు ఎన్.టి.ఆర్. తానే కృష్ణుడు, తానే కర్ణుడు, తానే దుర్యోధనుడు, పైగా దర్శకుడు. ఇంకోవైపు కృష్ణ అర్జునుడు, శోభన్‌బాబు కృష్ణుడు, కృష్ణంరాజు కర్ణుడు. కథ ఒకటే, పండగ ఒకటే, పందెం కోళ్ళు రెండు. మా మామగారిది తెనాలి. ఆయన అప్పట్లో కాలేజీ కుర్రాడు, ఎన్.టి.ఆర్. వీరాభిమాని. కర్ణ మొదటి ఆట చూసి, ఆ సాయంత్రమే కురుక్షేత్రం కూడా చూశారట. "అదేమిటండీ, అవతలివాళ్ళ సినిమాకి మీరు డబ్బులెందుకిచ్చారు?" అంటే, "చూడకుండా ఎలా తిడతామయ్యా?" అన్నారు.

ఇది చిన్న మాట కాదు. నిజమైన అభిమానికి తన హీరో సినిమా ఎంత క్షుణ్ణంగా తెలుస్తుందో, అవతలి హీరో సినిమా కూడా అంతే తెలుస్తుంది. దాదాపు నాలుగు గంటల సినిమా మీద వాళ్ళు కాఫీ హోటల్లో ఆరు గంటలు వాదించుకునేవారట. కర్ణుడి మీద జాలి పడాలా వద్దా? దుర్యోధనుడికి యుగళగీతం పెట్టటం న్యాయమా? శోభన్‌బాబు కృష్ణుడిగా నప్పాడా? హోటలు యజమాని రెండు వర్గాలకీ అప్పు పెట్టేవాడు కాబట్టి ఏ వర్గంలోనూ చేరలేదట.

ఈ రెండు వర్గాలకి మనకి చక్కటి పేర్లున్నాయి, అస్మదీయులు, తస్మదీయులు అని. మాయాబజార్ (1957)లో పింగళి నాగేంద్రరావు గారు ఘటోత్కచుడి కొలువులో వాడిన మాటలు ఇప్పటికీ మన పత్రికల్లో తిరుగుతున్నాయి. అన్నట్టు ఇంకో సంగతి. మాయాబజార్‌లో మనం చూసిన శశిరేఖ పెళ్ళి కథ వ్యాసభారతంలో లేదు, కవిత్రయం భారతంలోనూ లేదు. బలరాముడి కూతురికీ అభిమన్యుడికీ పెళ్ళి చెయ్యాలని, మధ్యలో ఘటోత్కచుడిని దింపాలని మనవాళ్ళే కల్పించుకున్నారు. భారతాన్ని అంతగా ప్రేమించినవాళ్ళు, అందులో లేని ముక్క ఒకటి ఉంటే బాగుండునని రాసుకున్నారన్నమాట. ఇవాళ మా అమ్మాయి స్నేహితురాలు హెర్మయనీకి కొత్త కథలు రాస్తుంటే వాళ్ళమ్మ "ఈ రాతలేమిటే" అని విసుక్కుంటుంది. అదే తల్లి మాయాబజార్ ఇప్పటికి నలభైసార్లు చూసింది!

సరే, ఇవన్నీ పెద్దల ముచ్చట్లు. ఈ వాదులాటలు పిల్లలకెందుకు అవసరమో నాకు తెలిసింది 1999లో.

మేమప్పుడుంటున్న అపార్ట్‌మెంట్లలోకి గుంటూరు నుంచి ఒక కుటుంబం దిగింది. పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. ఇంగ్లీషు బాగానే వచ్చు, లెక్కల్లో క్లాసు మొత్తానికీ ముందే. మన కథల్లో అందరూ రాసేటట్టు వాడి డబ్బాలో పెరుగన్నం చూసి ఎవరూ వెక్కిరించలేదు. భోజనాల బల్ల దగ్గర చేరిన మొదటిరోజు పిల్లలు వాణ్ణి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "చార్మాండరా, స్క్విర్టిలా, బల్బసారా?" అని. వాడికి అర్థం కాలేదు. ఏ భాషో కూడా తెలియలేదు. తరువాత వాళ్ళు ఇంకేమీ అడగలేదు. రెండు వారాలు అలా గడిచాయి. ఎవరూ ఏమీ అనకపోవటం కూడా ఒక బాధేనని వాళ్ళమ్మ మా ఆవిడతో చెప్పుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ మూడూ పోకెమాన్ ఆటలో మనం మొదట ఎంచుకోవాల్సిన జంతువుల పేర్లు. ఆ ఆట 1996లో జపాన్‌లో, 1998లో ఇక్కడ వచ్చింది. తయారుచేసిన సతోషి తజిరి చిన్నప్పుడు పురుగుల్ని పట్టి పోగుచేసేవాడట. ఆ సరదాయే ఆటకి మూలం. అందులో ఒక గొప్ప కిటుకుంది. ఆటని రెడ్ అని, బ్లూ అని రెండు రకాలుగా అమ్మారు. ఏకాన్స్ అనే పాము రెడ్‌లోనే దొరుకుతుంది. శాండ్‌ష్రూ బ్లూలోనే దొరుకుతుంది. అన్నీ పోగుచెయ్యాలంటే రెండో రకం ఉన్నవాణ్ణి వెతుక్కుని, రెండు గేమ్‌బాయ్‌లకీ మధ్య తీగ తగిలించి, ఇచ్చిపుచ్చుకోవాల్సిందే. కాడాబ్రా అనేది ఆఖరి రూపానికి మారాలన్నా దాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వాల్సిందే. ఒంటరిగా ఇంట్లో కూర్చుని ఎన్ని నెలలు ఆడినా ఆ ఆట పూర్తికాదు. పిల్లల్ని ఆట ఒంటరివాళ్ళని చేస్తుందని మనం భయపడుతుంటాం కానీ, ఈ ఆటని కట్టిందే స్నేహితుడు లేనిదే సాగకుండా!

వాళ్ళమ్మ ఒక గరాజ్ సేల్‌లో పది డాలర్లు పెట్టి పాత గేమ్‌బాయ్, బ్లూ బిళ్ళ కొనుక్కొచ్చింది. వాళ్ళాయన "ఇందుకేనా ఇంత దూరం వచ్చింది" అన్నాడట. పిల్లవాడు రెండు రోజుల్లో కిటుకంతా పట్టేశాడు. నీరు నిప్పుని ఆర్పుతుంది, నిప్పు ఆకుని కాలుస్తుంది, ఆకు నీటిని పీలుస్తుంది. ఆటలో మొదట ఎదురయ్యేవాడు రాళ్ళవాడు, రెండోది నీళ్ళావిడ. నిప్పు జంతువు చార్మాండర్ ఆ ఇద్దరి ముందూ తేలిపోతుంది. ఆకు జంతువు బల్బసార్ ఇద్దరినీ ఓడిస్తుంది. వీడు సోమవారం బల్ల దగ్గరికి వెళ్ళి, చార్మాండర్‌ని ఎంచుకున్నవాళ్ళకి లెక్కలు రావని ప్రకటించాడు. ఇంకేముంది, బల్లంతా లేచింది. చార్మాండర్ ఆఖరికి రెక్కలున్న చారిజార్డ్ అవుతుందని ఒకడు, మొదట్లో కష్టపడేవాడే మగాడని ఇంకొకడు, స్క్విర్టిల్ మాటెత్తవేమని మూడోవాడు.

ఆ సాయంత్రం వాడు ఇంటికొచ్చి, "అమ్మా, ఇవాళ నాతో నలుగురు పోట్లాడారు" అన్నాడట, మొహం వెలిగిపోతూ. ఆ తల్లికి ముందు గుండె జారింది. తరువాత అర్థమైంది.

ఆ తరువాతి నెలల్లో ఆ బల్ల దగ్గర పెద్ద పుకారు ఒకటి లేచింది. ఆటలో ఓడ ఆగే రేవు పక్కన ఒక ట్రక్కు ఉంటుంది. దాన్ని పక్కకి తోస్తే కింద మ్యూ అనే నూటయాభై ఒకటో జంతువు దొరుకుతుందని పుకారు. ఎవడో ఒకడి అన్నయ్య స్నేహితుడు కళ్ళారా చూశాడట. ఆ ట్రక్కు కింద ఏమీ లేదు. కానీ ఎక్కడెక్కడి ఊళ్ళలోనో పెరిగిన ఆ వయసు పిల్లల్ని ఇవాళ అడిగినా ఇదే పుకారు, ఇదే ట్రక్కు చెప్తారు. మన ఊళ్ళో చింతచెట్టు మీది దయ్యం కథ కూడా ఇలాగే ఊరూరా తిరిగింది కదా.

మా పిల్లల కాలం వచ్చేసరికి గాలి కొంచెం మన వైపు తిరిగింది. 2022లో ఆర్.ఆర్.ఆర్. వచ్చినప్పుడు మా అమ్మాయి తొమ్మిదో తరగతి. తెలుగు సినిమా అంటే ఏమిటో అంతవరకూ తనే అందరికీ వివరించాల్సి వచ్చేది. ఆ వేసవి తరువాత బడి తెరిస్తే, ఒక అమెరికన్ కుర్రాడు తనంతట తానే వచ్చి "నువ్వు రామ్ జట్టా, భీమ్ జట్టా?" అని అడిగాడు. ఇది "ఆ చుట్టంతా ఏమిటి?", "ఇండియాలో ఏనుగులుంటాయా?" లాంటి ప్రశ్న కాదు. వాదనకి పిలుపు. మా అమ్మాయి నిలువునా పొంగిపోయి కూడా పైకి మాత్రం, "నువ్వు నెట్‌ఫ్లిక్స్‌లో హిందీలో చూశావుగా, అసలు సినిమా నీకేం తెలుసు?" అని ఒక్క పోటు పొడిచింది. వాడు తక్కువవాడు కాదు. హిందీకి కూడా ఇద్దరు హీరోలూ సొంత గొంతుతోనే డబ్బింగ్ చెప్పుకున్నారని ఎక్కడో చదివి వచ్చి మర్నాడు అప్పగించాడు. 2023 మార్చిలో నాటు నాటుకి ఆస్కార్ వచ్చిన మర్నాడు వాళ్ళిద్దరూ లాకర్ల దగ్గర ఆ స్టెప్పు వేసి ఎవరి కాలు ముందు అలిసిపోతుందో పందెం కట్టారట. ఎవరు గెలిచారో ఇద్దరూ వేరువేరుగా చెప్తున్నారు.

పిల్లలూ, మీకోసం ఒక ముక్క. అభిమానులు వాదించుకోవటమే కాదు, కలిస్తే గట్టి పనులే చేస్తారు. 1960లలో స్టార్ ట్రెక్ అనే టీవీ షోని రెండో ఏటితో ఆపేస్తారని పుకారు వస్తే, చూసేవాళ్ళు వేలకొద్దీ ఉత్తరాలు రాశారు. 1968లో షో కొనసాగుతుందని టీవీలోనే ప్రకటించాల్సి వచ్చింది. షో 1969లో ఆగిపోయింది. కానీ ఉత్తరాలు ఆగలేదు. 1976లో నాసా మొదటి స్పేస్ షటిల్‌కి కాన్‌స్టిట్యూషన్ అని పేరు పెట్టబోతుంటే, స్టార్ ట్రెక్ ఓడ పేరే పెట్టాలని మళ్ళీ ఉత్తరాల వాన కురిపించారు. చివరికి ఎంటర్‌ప్రైజ్ అనే పేరే ఖాయమైంది. ఆ షటిల్‌ని బయటికి తీసుకొచ్చిన రోజు షోలోని నటులు కూడా వచ్చి నిలబడ్డారు. కాకపోతే అది గాలిలో దిగే పరీక్షల కోసం కట్టింది. అంతరిక్షంలోకి ఒక్కసారి కూడా వెళ్ళలేదు! ఇప్పుడది న్యూయార్క్‌లో ఇంట్రెపిడ్ మ్యూజియంలో ఉంది. అటు వెళ్ళినప్పుడు అమ్మానాన్నల్ని అడిగి చూసి రండి.

అంత బలం ఉన్న చెయ్యి ఎవరి మీదైనా పడితే ఎలా ఉంటుందో కూడా చెప్పుకోవాలి. 1999లో స్టార్ వార్స్ కొత్త సినిమా వచ్చింది. అందులో జార్ జార్ బింక్స్ అని పొడుగు చెవుల పాత్ర. కంప్యూటర్‌లో గీసిన ఆ బొమ్మ వెనక నడిచి, మాట్లాడి, నటించినవాడు అహ్మద్ బెస్ట్ అనే పాతికేళ్ళ కుర్రవాడు. రంగస్థలం నుంచి వచ్చాడు. చిన్నపిల్లలు ఆ పాత్రని చూసి నవ్వుకున్నారు. పాత సినిమాలు చూసి పెరిగిన పెద్దవాళ్ళకి మాత్రం ఒళ్ళు మండింది. ఆ పాత్ర వాళ్ళకి నచ్చలేదు, అంతవరకూ ఫరవాలేదు. నాకూ అంతగా నచ్చలేదు. కానీ వెక్కిరింత అక్కడ ఆగలేదు. బొమ్మని దాటి మనిషి మీదికి వెళ్ళింది, నెలల తరబడి. దాదాపు ఇరవై ఏళ్ళు గడిచాక, 2018లో, అతను తన చిన్న కొడుకుతో బ్రూక్లిన్ బ్రిడ్జి మీద నిలబడ్డ ఫొటో ఒకటి పెట్టి, అప్పట్లో ఇక్కడే ప్రాణం తీసుకోబోయానని రాశాడు. కొడుకుని చూసుకుంటే బతికి ఉండటం నయమనిపిస్తోందని కూడా.

ఆ తరువాత కాలం మారింది. 1999లో ఆ పాత్రని చూసి నవ్వుకున్న పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. 2019లో షికాగోలో జరిగిన స్టార్ వార్స్ వేడుకలో అతను వేదిక మీదికి వస్తే హాలంతా లేచి నిలబడింది. 2023లో మాండలోరియన్ అనే సీరియల్లో అతనికి జెడై వీరుడి వేషం ఇచ్చారు. ఆ కథలో అందరూ ముద్దు చేసే పసివాడు గ్రోగూని కాపాడి బయటపడేసేది అతనే. మా ఇంట్లో ఆ భాగం చూస్తూ మా అబ్బాయి అరిచిన అరుపుకి పక్కింటి కుక్క కూడా మొరిగింది.

మనవాళ్ళు తక్కువ తిన్నారని అనను. హీరోల అభిమానం పేరుతో అవతలి హీరో తల్లినీ, పెళ్ళాన్నీ, కులాన్నీ లాగి తిట్టుకునేవాళ్ళు అక్కడా ఉన్నారు, ఇక్కడ మంచి ఉద్యోగాలు చేసుకుంటూ కూడా ఉన్నారు. అందులో వేళాకోళం లేదు, అభిమానం అసలే లేదు. తెల్లవారుజామున ప్రీమియర్ షోకి వెళ్ళి కాగితం ముక్కలు చల్లి, హాలు ఊడవకుండా వచ్చేవాళ్ళని క్షమించగలను కానీ వీళ్ళని క్షమించలేను.

మన పెళ్ళిళ్ళలో దీనికి ఒక పద్ధతి ఉండేది. బిందెలో ఉంగరం వేస్తే పెళ్ళికూతురి వైపువాళ్ళు ఒక జట్టు, పెళ్ళికొడుకు వైపువాళ్ళు ఒక జట్టు. అరుపులు, ఈలలు, "మావాడు కావాలనే వదిలేశాడు" అని బుకాయింపులు. భోజనాల దగ్గర వియ్యపురాలి మీద పాటలు కట్టి పాడేవారు. ఆవిడ కాఫీ ఎన్ని గ్లాసులు తాగింది, పట్టుచీర ఎన్నిసార్లు సర్దుకుంది, అన్నీ ఆ పాటల్లోకి వచ్చేవి. ఆవిడా ఊరుకునేది కాదు, తన చెల్లెళ్ళని దింపేది. కానీ ఇంట్లో జరిగిన చావు మాట, లేమి మాట, పిల్లలు లేని మాట ఎవరి నోటా వచ్చేది కాదు. మా అమ్మమ్మ ఇలాంటి పాటలు కట్టటంలో దిట్ట. "పాట పాడాక ఆవిడ పక్కనే విస్తరి వేసుకుని కూర్చోగలిగితేనే పాడు, లేకపోతే నోరు మూసుకో" అనేది. బేస్‌మెంట్లో పిల్లల్ని చూస్తే ఆ పద్ధతి వాళ్ళకి ఎవరూ చెప్పకుండానే వచ్చినట్టుంటుంది. ఎంత అరుచుకున్నా తరువాత ఒకే పిజ్జా పెట్టెలో చేతులు పెడతారు.

ఈ ఏడు ఏప్రిల్లో మా మామగారు తెనాలి నుంచి వచ్చారు. ఇక్కడికొచ్చే పెద్దవాళ్ళందరి అవస్థే ఆయనదీ. పొద్దున్న నడక, తరువాత సోఫా, సాయంత్రం కిటికీ. మా అబ్బాయికి పదకొండేళ్ళు. తెలుగు అర్థమవుతుంది కానీ నోరు తిరగదు. "బాగున్నావా తాతయ్యా", "తిన్నావా మనవడా" దాటి ఇద్దరి మధ్యా మాట సాగేది కాదు. మే నెల దాకా ఇలాగే నడిచింది.

ఒకరోజు రాత్రి భోజనాలయ్యాక మాయాబజార్ పెట్టాం. ఘటోత్కచుడు పెళ్ళివారి వంటలన్నీ ఒక్కడే తినేసే చోట మా అబ్బాయి రిమోట్ నొక్కి ఆపేసి, తాతయ్య వైపు తిరిగి, వచ్చీరాని తెలుగులో అడిగాడు. "తాతయ్యా, ఈయనకీ హల్క్‌కీ ఫైట్ అయితే ఎవరు గెలుస్తారు?"

మామగారు నవ్వేసి ఊరుకుంటారనుకున్నాను. ఆయన సోఫాలో ముందుకి జరిగి కూర్చున్నారు. "యుద్ధం పగలా, రాత్రా?" అన్నారు.

"ఎందుకు?"

"రాక్షసుడికి రాత్రి బలం పెరుగుతుందిరా. భారతంలో ఘటోత్కచుడు పోరాడింది రాత్రి యుద్ధంలోనే. ఆపటం ఎవరివల్లా కాలేదు. అర్జునుడి కోసం దాచుకున్న శక్తి ఆయుధాన్ని కర్ణుడు అతని మీదే వాడేయాల్సి వచ్చింది. చచ్చిపోతూ కూడా ఒళ్ళు పెంచి కౌరవసేన మీద పడ్డాడు. ఒక అక్షౌహిణి నుజ్జయిపోయింది."

అక్షౌహిణి అంటే ఎంతో మా అమ్మాయి దుబాసీగా మారి చెప్పాల్సి వచ్చింది. మా అబ్బాయి బెదరలేదు. హల్క్‌కి కోపం పెరిగినకొద్దీ బలం పెరుగుతుందని, దానికి హద్దు లేదని అన్నాడు. ఆ తరువాత తన గదిలోకి పరుగెత్తి ఒక పుస్తకం పట్టుకొచ్చాడు. 1962లో వచ్చిన మొట్టమొదటి హల్క్ కథలో ఆయన రంగు ఆకుపచ్చ కాదు, బూడిద రంగు. మామూలు మనిషి హల్క్‌గా మారేది కూడా కోపం వచ్చినప్పుడు కాదు, చీకటి పడ్డప్పుడు!

మామగారు కళ్ళజోడు సర్దుకుని ఆ బొమ్మని చాలాసేపు చూశారు. "అరవై రెండు... గుండమ్మ కథ వచ్చిన ఏడు" అన్నారు తనలో తాను. తరువాత పైకి, "అయితే రాత్రే పెట్టుకుందాం. ఇద్దరికీ న్యాయంగా ఉంటుంది" అన్నారు.

ఆ రాత్రి సినిమా మళ్ళీ మొదలవలేదు. కర్ణుడు ఆ శక్తిని దాచుకుని ఉంటే అర్జునుడి గతేమిటన్న దగ్గర గంట గడిచింది. పదకొండున్నరకి మా ఆవిడ లైట్లు ఆర్పేస్తానని బెదిరిస్తే రిఫరీ ఎవరన్న దగ్గరికి వచ్చి ఆగారు. మామగారు కృష్ణుడి పేరు ప్రతిపాదించారు, ఎన్.టి.ఆర్. వేషంలో ఉన్న కృష్ణుడినే. మా అబ్బాయి ఒప్పుకోలేదు. కృష్ణుడు ముందునుంచీ ఒక పక్షంవాడని, చీటింగ్ చేస్తాడని, కావాలంటే మొత్తం కథ చూసుకోమని అన్నాడు. నలభై ఏళ్ళకి పైగా ఎన్.టి.ఆర్. కృష్ణుడి ఫొటోకి దండం పెట్టి మరీ ఇల్లు కదిలిన మనిషి ఏమంటారోనని మేమంతా ఊపిరి బిగబట్టాం. ఆయన కాసేపు గడ్డం నిమురుకుని, "ఒరేయ్, అది మాత్రం ఆలోచించాల్సిన విషయమేరా" అన్నారు.

రిఫరీ ఇంకా కుదరలేదు. డాక్టర్ స్ట్రేంజ్ అని మా అబ్బాయి, భీష్ముడని ఆయన. మామగారు అక్టోబరు దాకా ఇక్కడే ఉంటారు.